అడగని కొసరు: విండోస్ మెసెంజర్ కడపలో ఎందుకు నిలవలేదు?

కంప్యూటర్ ఆన్ చేయగానే తెర కింద కుడి మూలన, గడియారం పక్కన, ఓ చిన్న మనిషి బొమ్మ. దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. కాసేపటికి అక్కడి నుంచే ఒక బుడగ పైకి లేచి, ఇంటర్నెట్‌లో మాటామంతీ కావాలంటే పాస్‌పోర్ట్ ఉండాలని చెప్పేది. 2000 దశకం మొదట్లో కడప కోటిరెడ్డి సర్కిల్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో గంటకింత అని కూర్చున్నవాళ్లకు ఆ బుడగ గుర్తుండే ఉంటుంది. పాస్‌పోర్ట్ అనే మాటకు కడపలో అప్పటికే ఒక అర్థం స్థిరపడిపోయింది. అది కువైట్ పోయేవాళ్లు ప్రాణంలా దాచుకునే చిన్న పుస్తకం. కంప్యూటర్ అడుగుతున్న పాస్‌పోర్ట్ మైక్రోసాఫ్ట్ ఖాతా మాత్రమే, హాట్‌మెయిల్ చిరునామా ఉంటే సరిపోతుందని చెప్పేవాళ్లు ఉండాలి. చెప్పేవాళ్లు లేనిచోట ఆ బుడగను మూసేసి యాహూ తెరిచేవాళ్లు.

ఆ బొమ్మ పేరు విండోస్ మెసెంజర్. 2001 అక్టోబర్ 25న మార్కెట్లోకి వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటే మైక్రోసాఫ్ట్ దీన్ని ఇచ్చింది. అవతలివాళ్లు ఆన్‌లైన్‌లో ఉన్నారో లేదో చూడటం, రాతలో మాట్లాడుకోవడం, మైకు పెట్టుకుని గొంతుతో మాట్లాడటం, వెబ్‌క్యామ్ ఉంటే ముఖాలు చూసుకోవడం, ఫైళ్లు పంపుకోవడం, ఇద్దరూ ఒకే తెల్లబోర్డు మీద గీసుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. బెంగళూరులో ఉన్న స్నేహితుడికి ఇక్కడి కంప్యూటర్ తెర చూపించి బాగుచేయించుకునే రిమోట్ అసిస్టెన్స్‌కు కూడా దాని ద్వారానే పిలుపు పంపవచ్చు. ఆ రోజుల లెక్కన ఇది తక్కువ సరంజామా కాదు.

సంతలో కూరగాయలు కొన్నాక మనం అడిగి వేయించుకునేది కొసరు. విండోస్ మెసెంజర్ అడగకుండానే సంచిలో పడిన కొసరు. తీసి పక్కన పెడదామన్నా సంచిలోంచి ఊడిరాని కొసరు. డబ్బు కట్టనక్కర్లేదు, దింపుకునే శ్రమ లేదు. ఆ శ్రమ అప్పట్లో చిన్నదేం కాదు. 56 కేబీపీఎస్ మోడెం మీద నాలుగైదు ఎంబీల ఫైలు దించాలంటే అన్నీ కలిసొచ్చినా పావుగంట. మధ్యలో లైను తెగినా, కరెంటు పోయినా మళ్లీ మొదటికి. ఇన్ని సౌకర్యాలతో ప్రతి ఎక్స్‌పీ యంత్రంలో ముందే కూర్చున్న మెసెంజర్‌ను వదిలి, కష్టపడి దించుకున్న యాహూ మెసెంజర్ వైపే జనం పోయారు. ఈ ఎంపిక అలవాటు వల్లనో అజ్ఞానం వల్లనో జరిగిందనుకుంటే పొరపాటు. కడపలో కంప్యూటర్ ఎలా వాడేవాళ్లో చూస్తే కారణాలు ఒక్కొక్కటే తేలుతాయి.

విండోస్ మెసెంజర్‌ను తయారుచేసినవాళ్ల ఊహలో ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికి సొంత కంప్యూటర్ ఉంది. అది రోజంతా ఆన్‌లో ఉంటుంది, నెట్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. స్నేహితులకూ అంతే. కడప నెట్ సెంటర్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. అక్కడ యంత్రం వీధి మొత్తానికి సొంతం. మనిషి వారానికి రెండు మూడు గంటలు మాత్రమే ఆన్‌లైన్. అవతలి మనిషి ఇంకో దేశంలో ఇంకో అద్దె కుర్చీలో.

రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్‌కు, అందులోనూ ఎక్కువగా కువైట్‌కు పోయిన కుటుంబాలను తీసుకుందాం. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ సెలవు శుక్రవారం, ఇక్కడ ఆదివారం. డ్రైవరుగానో ఇళ్లలో పనికో పోయినవాళ్లకు చేతికి దొరికే సమయం యజమాని దయ. ఇద్దరూ ఒకే నిమిషంలో రెండు కంప్యూటర్ల ముందు కూర్చోవడం కుదరాలంటే ముందుగా ఫోన్లో చెప్పుకోవాలి. ఆ ఫోన్ ఖర్చు తప్పించుకోవడానికే కదా నెట్ సెంటర్‌కు వచ్చింది!

విండోస్ మెసెంజర్‌లో అవతలి మనిషి ఆన్‌లైన్‌లో లేకపోతే సందేశం పంపే దారి లేదు. పేరు బూడిద రంగులో కనిపిస్తుంది, అంతే. రాసి పెట్టిపోదామంటే కుదరదు. మైక్రోసాఫ్ట్ మెసెంజర్లలో ఆఫ్‌లైన్ సందేశం వచ్చింది 2006లో, అదీ విండోస్ లైవ్ మెసెంజర్ అనే వేరే ప్రోగ్రాంలో. యాహూలో ఆ సౌకర్యం అంతకుముందే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం కువైట్‌లో కొడుకు కూర్చుని నాలుగు మాటలు కొట్టి పోతాడు. శనివారం సాయంత్రం కడపలో తమ్ముడు లాగిన్ అవగానే ఆ మాటలన్నీ వరసగా ఒక పెట్టెలో తెరుచుకుంటాయి, ఏ తేదీన ఎన్ని గంటలకు రాశాడో పక్కనే ఉంటుంది. "నాయన మందులు తెచ్చుకున్యాడా? డబ్బులు పంపినా, చూసుకోండి. అమ్మను అడిగినానని చెప్పు." ఇలాంటి మూడు మాటల కోసం గంట అద్దె కట్టడంలో నష్టం లేదు. బూడిద రంగు పేరును చూసి లేచిపోవడానికి గంట అద్దె కట్టడం నష్టం. యాహూ నిలిచింది, మెసెంజర్ నిలవలేదు అనడానికి ఇంతకంటే పెద్ద కారణం వెతకనక్కర్లేదు. మిగతావన్నీ దీని తర్వాతే.

రెండోది ఖాతా సంగతి. విండోస్ మెసెంజర్‌లో మొదటిసారి సైన్ ఇన్ అయ్యేటప్పుడు, ఈ పాస్‌పోర్ట్‌ను విండోస్ యూజర్ ఖాతాకు జతచేయమంటారా అని ఒక విజార్డ్ అడిగేది. ఒక ఇంట్లో ఒక యంత్రం, తలా ఒక యూజర్ ఖాతా ఉంటే అది సుఖమే. నెట్ సెంటర్‌లో యూజర్ ఖాతా ఒక్కటే, ఎవరొచ్చినా అందులోనే. పొద్దున వచ్చిన అమ్మాయి తెలియక "సరే, సరే" అని నొక్కుకుంటూ పోతే, మధ్యాహ్నం అదే కుర్చీలో కూర్చున్నవాడికి ఆమె చిరునామా, ఆమె స్నేహితుల జాబితా తెరమీద సిద్ధంగా ఉంటాయి. ఊరు చిన్నది, ముఖాలు తెలిసినవి. ఆ అమ్మాయికి ఇది సాంకేతిక లోపం కాదు, పరువు సమస్య. ఒక ప్రోగ్రాం యంత్రాన్నీ మనిషినీ ఒకటే అనుకుంటే జరిగే హాని ఇలాగే ఉంటుంది. ఆ హాని మొదట ఆడపిల్లల మీదే పడుతుంది. యాహూలోనూ పాస్‌వర్డ్ గుర్తుంచుకునే గడి ఉండేది, అందులోనూ ప్రమాదం లేకపోలేదు. కానీ అది విండోస్ యూజర్ ఖాతాకు ముడివేసి రాలేదు.

గొంతు మాటల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి. 2002 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇంటర్నెట్ మీద మాట్లాడుకోవడానికి చట్టబద్ధంగా అనుమతి వచ్చింది. హెడ్‌ఫోను, మైకు ఉన్న క్యాబిన్లు వచ్చాయి. వాటిలో విండోస్ మెసెంజర్ తెరిచి పిలిస్తే తరచూ అవతలి నుంచి ఏమీ వినపడేది కాదు, లేదా ఒకవైపే వినపడేది. "వినపడతాందా? మాట్లాడు, మాట్లాడు" అనే కేకలు క్యాబిన్ బయటికి వచ్చేవి. తప్పు మైకుదనుకుని వైర్లు పీకి మళ్లీ పెట్టేవాళ్లు. అసలు చిక్కు వేరే చోట ఉంది.

నెట్ సెంటర్‌లో ఆరు యంత్రాలున్నా బయటికి పోయే లైను ఒక్కటే. ఇంటర్నెట్‌కు ఆ ఆరూ ఒకే చిరునామాతో కనిపిస్తాయి. ఒక కాంపౌండులో ఆరిళ్లు ఉండి, గేటు దగ్గర పోస్టు పెట్టె ఒక్కటే ఉన్నట్టు. లోపలివాళ్లు ఉత్తరం రాస్తే బయటికి పోతుంది, దానికి జవాబు వస్తే ఎవరికి ఇవ్వాలో గేటు దగ్గరివాడికి గుర్తుంటుంది. కానీ పిలవకుండా బయటి నుంచి కొత్తగా ఉత్తరం వస్తే, ఇంటి నంబరు లేక అక్కడే ఆగిపోతుంది. విండోస్ మెసెంజర్ గొంతును ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు నేరుగా పంపేది. రాత మాత్రం మైక్రోసాఫ్ట్ సర్వర్ మీదుగా పోయేది. అందుకే రాత చక్కగా నడిచి గొంతు చచ్చిపోయేది. గేటు దగ్గరివాడికి ముందే చెప్పిపెట్టే పద్ధతి ఒకటి ఎక్స్‌పీలో ఉండేది గానీ, దానికి తగిన రౌటరు, సెట్టింగులు ఉండాలి. పాత మోడెం, ఒకే లైనును అన్ని యంత్రాలకూ పంచే ప్రాక్సీ అనే ప్రోగ్రాం పెట్టుకుని నెట్టుకొచ్చే సెంటర్లకు అది అందే వ్యవహారం కాదు. 2003 ఆగస్టు చివర్లో వచ్చిన స్కైప్ ఈ గేటును దాటే ఉపాయాలతోనే పుట్టింది. నేరుగా కుదరకపోతే మధ్యలో ఇంకో యంత్రం మీదుగా గొంతును మళ్లించేది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలై, జిల్లా పట్టణాలకు చేరాక గొంతుతో మాట్లాడాలంటే స్కైప్, రాతకు యాహూ అన్న పంపకం స్థిరపడింది. ఎక్స్‌పీ కొసరుకు ఏ వాటా మిగల్లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆ కొసరు మిగతావాటికంటే మనకు దగ్గర. తెలుగు లిపిని విండోస్ మొదటిసారి పూర్తిగా అందుకున్నది ఎక్స్‌పీలోనే. గౌతమి అనే ఫాంటు, తెలుగు కీబోర్డు అందులో ఉన్నాయి. విండోస్ 2000లో హిందీ, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. మైక్రోసాఫ్ట్ మెసెంజర్ సందేశాలు యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ప్రయాణించేవి. అంటే తెలుగు అక్షరం చెడిపోకుండా కడప నుంచి కువైట్ దాకా పోగలదు. "బాగుండావా" అని తెలుగులో కొడితే గుణింతాలూ సున్నా విడివిడిగా లెక్కేసి తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున 27 బైట్లు. అదే మాట ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తొమ్మిది అక్షరాలు, తొమ్మిది బైట్లు. మూడు రెట్ల తేడా పెద్దదిగా కనిపిస్తుంది గానీ, ఎంత నత్తనడక మోడెమైనా సెకనుకు వేల బైట్లు లాగుతుంది. భారం అక్కడ లేదు.

భారం ఒక చిన్న గడిలో ఉంది. ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి, రీజినల్ సెట్టింగుల్లో భాషల పేజీ తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించమనే గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. బజారులో అసెంబుల్ చేయించిన యంత్రానికి సీడీ ఎక్కడిది? వేసినవాడు వేసి తన సీడీ తాను తీసుకుపోయాడు. సీడీ లేకపోతే అక్షరాల స్థానంలో గళ్లు, లేదా విరిగిన ఒత్తులు. ఇవతల ఎవరో ఓపిగ్గా సర్దుకున్నా, అవతలి సెంటర్‌లో ఆ టిక్కు లేకపోతే సందేశం గళ్లగానే తెరుచుకుంటుంది. దాంతో ఒక తరం మొత్తం తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు ఫోన్లో తెలుగు కీబోర్డు ఒక్క నొక్కు దూరంలో ఉన్నా ఆ అలవాటు పోలేదు. ఎవరూ అడగని చాట్ ప్రోగ్రాంను ప్రతి యంత్రంలో తెరిచి పెట్టి, కోట్లమంది మాట్లాడే భాష లిపిని మాత్రం టిక్కు చాటున, సీడీ చాటున దాచడం ఎవరి సౌకర్యం కోసమో ఆలోచించాల్సిన విషయం. ఏది ముందే ఉండాలి, ఏది అడిగితేనే రావాలి అన్న నిర్ణయం ఎక్కడో దూరాన జరిగింది. దాని ఫలితం మన రాత మీద ఇరవై ఏళ్లయినా కనిపిస్తోంది.

పేర్ల గందరగోళం కూడా ఈ ప్రోగ్రాంకు చెడ్డపేరు తెచ్చింది. అప్పట్లో మెసెంజర్ అనే మాటతో మైక్రోసాఫ్ట్ దగ్గర మూడు వేర్వేరు వస్తువులు ఉండేవి. ఎక్స్‌పీతో వచ్చిన విండోస్ మెసెంజర్ ఒకటి. 1999 జులైలో మొదలై, విడిగా దించుకోవాల్సిన ఎంఎస్ఎన్ మెసెంజర్ రెండోది. ఫొటోలు, రకరకాల నవ్వు బొమ్మలు, తెర కదిలించే నడ్జ్ లాంటి సరదాలన్నీ దీనికే ముందుగా వచ్చేవి, కొసరుగా వచ్చిన తమ్ముడు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాడు. మూడోది మెసెంజర్ సర్వీస్. చాటింగ్‌తో దానికి సంబంధమే లేదు. ఆఫీసు నెట్‌వర్క్‌లో "ప్రింటర్‌లో కాగితం అయిపోయింది" లాంటి హెచ్చరికలు పంపడానికి విండోస్ లోపల ఉన్న పాత ఏర్పాటు అది.

ఈ మూడోదాన్ని పట్టుకుని 2002, 2003 ప్రాంతంలో ప్రకటనలవాళ్లు ప్రపంచమంతా చెలరేగారు. డయలప్‌తో నేరుగా నెట్‌కు తగిలిన యంత్రం తెర మధ్యలో ఉన్నట్టుండి బూడిద రంగు పెట్టె ప్రత్యక్షమయ్యేది. మీ కంప్యూటర్‌కు ప్రమాదం ఉంది, ఫలానా సైటుకు పోండి అని ఇంగ్లిషులో బెదిరింపు. పెట్టె పైన పేరు మెసెంజర్ సర్వీస్ అనే ఉండేది. దాంతో ఇదంతా ఆ మూలన ఉన్న మనిషి బొమ్మ పనేనని జనం అనుకున్నారు. 2003 అక్టోబర్‌లో ఆ సర్వీసులోనే ప్రమాదకరమైన భద్రతా లోపం బయటపడింది, దిద్దుబాటు వచ్చింది. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2, అంటే ఎక్స్‌పీకి ఇచ్చిన దిద్దుబాట్ల కట్ట, దాన్ని ఆపేసి, బయటి నుంచి పిలవకుండా వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్‌ను మొదటి నుంచే పనిలో పెట్టింది. అప్పటికే మెసెంజర్ అంటే వైరస్ తెచ్చేది అన్న భయం నాటుకుపోయింది. చేయని తప్పుకు మాట పడ్డ ప్రోగ్రాం ఇది. అయినా ఒకే పేరు మూడింటికి పెట్టినవాళ్లది ఆ తప్పు కాదనలేం.

ఇక తీసేయడం. ఎక్స్‌పీ సిఫార్సు చేసిన మెమరీ 128 ఎంబీ, కనీసం 64 ఎంబీ. అంతటి యంత్రంలో ఎవరూ వాడని ప్రోగ్రాం బూటింగ్‌తో పాటే లేచి కూర్చుంటే సెంటర్ యజమానికి కష్టమే. కిటికీ మూల ఇంటూ నొక్కితే అది మూసుకోదు, గడియారం పక్కకు దిగి కూర్చుంటుంది. అక్కడ కుడి బటన్ నొక్కి ఎగ్జిట్ అంటే ఒక్కోసారి ఇంకో పెట్టె వస్తుంది: వేరే ప్రోగ్రాములు నన్ను వాడుకుంటున్నాయి, ముందు వాటిని మూసెయ్యండి, అవి మెయిల్ చూసే అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ కావచ్చు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావచ్చు అని. బ్రౌజర్ మూస్తే నెట్ సెంటర్‌లో ఇంకేం మిగిలింది? సెట్టింగుల్లో టిక్కు తీసి ఆటోమేటిగ్గా లేవకుండా చేసినా, ఎవరైనా అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరవగానే మళ్లీ హాజరు.

ప్రోగ్రాములు తీసేసే జాబితాలో వెతికితే దాని పేరే లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలంటే విండోస్ ఫోల్డరులో మామూలుగా కనిపించని ఒక ఫోల్డరులోకి పోయి, అందులో ఒక చిన్న సెట్టింగుల ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. విండోస్ భాగాల పేర్లన్నీ అందులో వరసకు ఒకటి చొప్పున ఉంటాయి. మెసెంజర్ ఉన్న వరసలో, కామాల మధ్యన, దాచు అని అర్థమిచ్చే హైడ్ అనే నాలుగక్షరాల ఇంగ్లిషు మాట ఉంటుంది. ఆ ఒక్క మాట చెరిపి ఫైలును భద్రపరిస్తే చాలు, తీసేసే జాబితాలో మెసెంజర్ పేరు ప్రత్యక్షం. అంటే తీసేసే వీలు మొదటి నుంచీ లోపల ఉంది, దాన్ని కనపడకుండా చేయడం మాత్రమే జరిగింది. అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన గుత్తాధిపత్య కేసు రాజీలో భాగంగా, 2002 సెప్టెంబర్‌లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1లో ఇలాంటి వాటి గుర్తులను కనపడకుండా పెట్టుకునే ఏర్పాటు ఇచ్చారు. గుర్తు పోయేది, ఫైళ్లు అలాగే ఉండేవి.

కొసరు వేస్తే తప్పేమిటి, వద్దనుకుంటే వాడకండి అనే వాదన ఒకటుంది. దక్షిణ కొరియా ఆ వాదనను ఒప్పుకోలేదు. అక్కడ డౌమ్ అనే సంస్థకు సొంత మెసెంజర్ ఉండేది. విండోస్‌తో మెసెంజర్ కలిపి ఇవ్వడం తన వ్యాపారాన్ని దెబ్బతీస్తోందని ఆ సంస్థ 2001లోనే ఫిర్యాదు చేసింది. 2005 డిసెంబర్‌లో అక్కడి వాణిజ్య పోటీ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు దాదాపు 3,300 కోట్ల వాన్‌ల జరిమానా వేసి, మీడియా ప్లేయర్, మెసెంజర్ లేని విండోస్‌ను కూడా అమ్మాలని ఆదేశించింది. యూరప్ 2004లో మీడియా ప్లేయర్ మీద తీర్పు చెప్పింది. మెసెంజర్‌ను కూడా కలిపి పట్టుకోవడం కొరియా ప్రత్యేకత.

మన దేశంలో పోటీ చట్టం 2002లోనే వచ్చినా, గుత్తాధిపత్య దుర్వినియోగాన్ని ప్రశ్నించే సెక్షన్లు అమల్లోకి వచ్చింది 2009 మే నెలలో. అప్పటికి విండోస్ మెసెంజర్ కథ ముగిసింది. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఎక్కించి ఇచ్చే యాప్‌ల విషయంలో గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు, కొరియా అడిగిన ప్రశ్నే ఇక్కడికి చేరింది. ఫోన్ కొనేటప్పుడే అందులో ఉన్న యాప్, మనం వెతికి ఎక్కించుకునే యాప్ ఒకే గీత దగ్గర నిలబడి పరుగు మొదలుపెట్టవు అన్నదే ఆ ప్రశ్న.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. కడపలో కొసరు ఓడిపోయింది కదా, ముందే ఉండటం వల్ల లాభం లేదని అదే రుజువు కదా అని. అది సగమే నిజం. జనానికి గట్టి అవసరం ఉండి, ఆ అవసరాన్ని కొసరు తీర్చలేనప్పుడు మాత్రమే జనం కష్టపడి ఇంకోటి తెచ్చుకుంటారు. ఆఫ్‌లైన్ సందేశం అలాంటి అవసరం. అదొక్కటి విండోస్ మెసెంజర్‌లో 2001లోనే ఉండి ఉంటే, పావుగంట కూర్చుని యాహూ దించుకునేవాళ్లు చాలా తక్కువ ఉండేవాళ్లు. అదే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విషయంలో చూడండి. దానికి మించింది అవసరమని తెలిసేదాకా ఏళ్ల తరబడి అందరూ దాన్నే వాడారు.

అసలు ఈ ప్రోగ్రాం ఉన్నవాళ్లు, ఆ ప్రోగ్రాం ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు ఎందుకు మాట్లాడుకోలేకపోయారు? యాహూ మెయిల్ నుంచి హాట్‌మెయిల్‌కు ఉత్తరం పోతుంది, బీఎస్ఎన్ఎల్ ఫోన్ నుంచి ఏ కంపెనీ ఫోన్‌కైనా కాల్ పోతుంది. చాట్‌కే ఈ గోడలెందుకు? 1999లో ఎంఎస్ఎన్ మెసెంజర్ మొదలైనప్పుడు అది అమెరికాలోని ఏఓఎల్ చాట్ వాడేవాళ్లతోనూ మాట్లాడగలిగేది. ఏఓఎల్ ఆ దారి మూసింది, మైక్రోసాఫ్ట్ ఇంకో దారి తెరిచింది, అది మళ్లీ మూసింది. నెలల తరబడి ఈ తలుపుల ఆట నడిచి, చివరికి మైక్రోసాఫ్ట్ వదిలేసుకుంది. తర్వాత 2006 జులైలో యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తమ మధ్య గోడకు ఒక కిటికీ పెట్టాయి. యాహూ వాడేవాళ్లు కొత్త విండోస్ లైవ్ మెసెంజర్‌వాళ్లతో రాతలో మాట్లాడుకోగలిగారు. 2012 డిసెంబర్‌లో ఆ కిటికీ మూసేశారు. గోడ అవసరం సాంకేతికమైనది కాదని చెప్పడానికి ఆ ఆరేళ్లే సాక్ష్యం. అప్పుడు మైక్రోసాఫ్ట్, యాహూ, ఏఓఎల్ ఆడిన ఆటే ఇప్పుడు వాట్సాప్ లాంటివి ఆడుతున్నాయి. గోడలు తెరవాలని యూరప్ చట్టం చేస్తే తప్ప కదలిక లేదు.

వాట్సాప్ కడప పల్లెలదాకా ఎందుకు పోయిందో కూడా ఇదే వెలుగులో చూడాలి. ఫోన్ ఒక మనిషిది, వీధిది కాదు. ఖాతా కోసం పాస్‌పోర్ట్ అడగలేదు, చేతిలో ఉన్న నంబరే ఖాతా. అవతలి ఫోన్ ఆగిపోయి ఉన్నా సందేశం ఒక్క టిక్కుతో సర్వర్ దగ్గర 30 రోజుల వరకు కాచుకుని ఉంటుంది. కువైట్‌లో ఫోన్ ఆన్ కాగానే రెండో టిక్కు పడుతుంది. విండోస్ మెసెంజర్ ఊహించిన మనిషి కడపకు వచ్చేసరికి పదేళ్లు పట్టింది. వచ్చేటప్పుడు ఆ మనిషి చేతిలో కంప్యూటర్ లేదు, ఫోన్ ఉంది.

విండోస్ మెసెంజర్ చావు కూడా పుట్టుకలాగే ఎవరినీ అడగకుండా జరిగింది. ఎక్స్‌పీ తర్వాత 2007 జనవరిలో వచ్చిన విండోస్ విస్టాలో అది లేదు. కొత్తది కావాలంటే దించుకోండని ఒక లింకు మాత్రం ఇచ్చారు. ఆ కొత్తది, విండోస్ లైవ్ మెసెంజర్, 2013 ఏప్రిల్ 8 నుంచి స్కైప్‌లో కలిసిపోయింది. సరిగ్గా ఏడాదికి, 2014 ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకే మద్దతు ఆగిపోయింది. యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడింది. మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లు పెట్టి కొన్న స్కైప్ కూడా 2025 మే 5న ఆగిపోయి, వాడేవాళ్లను మైక్రోసాఫ్ట్‌దే అయిన టీమ్స్ అనే ఇంకో ప్రోగ్రాంకు పొమ్మంది. ఆ టీమ్స్ చాట్ గుర్తు 2021లో విండోస్ 11 టాస్క్‌బార్ మీద, మళ్లీ అడగకుండానే, ప్రత్యక్షమైంది. ఈ వరసలో ప్రతి మలుపులోనూ కొన్ని పేర్లు రాలిపోయాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు పని మార్చుకుని నంబరు మారిస్తే, మిగిలిన ఒకే ఒక ఆనవాలు ఆ చాట్ జాబితాలోని చిరునామా అయ్యుండేది. ఆ జాబితా కంపెనీ సర్వర్‌లో ఉండేది. ఇంటి గోడ మీద పెన్సిలుతో రాసుకున్న ఫోన్ నంబర్లు ఇప్పటికీ చదవడానికి వస్తాయి, ఆ జాబితాలు రావు.

ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లు, సిమెంటు లారీలు తూచే కాటాల దగ్గరో, పాత ప్రయోగశాల పరికరాలకు తగిలించో ఎక్స్‌పీ యంత్రాలు ఇంకా అక్కడక్కడా తారసపడతాయి. కాటా సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదని వాటిని అలాగే ఉంచుతారు. అలాంటి యంత్రం చేతిలో ఉన్నవాళ్లు చేయాల్సింది ముందుగా నెట్ వైరు తీసేయడం. ఆ వైరు లేకపోతే మూలన ఉన్న మెసెంజర్ వల్ల అపాయమేమీ లేదు, కాస్త మెమరీ తింటుంది, అంతే. అదీ వద్దనుకుంటే ఆ సెట్టింగుల ఫైలు తెరిచి హైడ్ అనే మాట చెరపడమే. ఉంచుకున్నా, బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే సైన్ ఇన్ కిటికీ తెరుచుకుంటుంది, చిరునామా, పాస్‌వర్డ్ అడుగుతుంది. వాటిని తీసుకునే సర్వర్ మాత్రం ఇప్పుడు లేదు.